దోబూ మేస్త్రి

వార్డులో లైట్లు తగ్గించాక కూడా
ఆరో మంచం దగ్గర పచ్చచుక్క ఒకటి వెలుగుతూనే ఉంటుంది.
సిరంజి పంపు.
గంటకు నాలుగు మిల్లీలీటర్లు,
చీమ నూకగింజను లాక్కెళ్ళినట్టు
నాగుల్ మీరా మెడనరంలోకి మందు నెడుతూ ఉంటుంది.

గుంటూరు యార్డులో ముప్పయ్యొక్కేళ్ళు మిర్చి మోశాడు.
ఎన్నిసార్లు ఒళ్ళు తుడిచినా చెమటలో ఘాటు పోలేదు,
దుప్పటి మార్చినప్పుడల్లా నాకు తుమ్మొస్తుంది.
కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి
నేను కేసు షీటు రాసేదాకా అలాగే ఉంటుంది.

"సువార్తమ్మా, ఇందులో ఏముంది? బలమా?"

బలం కాదు మీరాగారూ.
మీ గుండె నిండిన వందలో ఇరవయ్యే బయటికి తోస్తోంది.
"ఎనభై టిక్కీలు కొట్లోనే ఉండిపోతే
షావుకారు ఊరుకుంటాడా?"
మంచి గుండె కూడా వందా తొయ్యదండీ, అరవై తోస్తే గొప్ప.
నవ్వాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"ఈ సంగతి మా ముఠాలో ఎవరూ చెప్పలేదే!"

నాకు తెలిసినంత చెప్పాను.
గుండె కండలో కణం కణానికీ ఒక సున్నపు కొట్టుంటుంది.
తలుపు తీస్తే సున్నం వచ్చి పోగుల మీద పడుతుంది,
పోగులు ఒకదాన్నొకటి పట్టి లాక్కుంటాయి.
సున్నం కొట్లోకి మళ్ళితే వదిలేస్తాయి.
పట్టడం, వదలడం.
తాంబూలంలో లాగే,
తక్కువైతే పండదు, ఎక్కువైతే పొక్కుతుంది.
ఈ మందు కణం బయట నిలబడి తలుపు తడుతుంది,
లోపలివాళ్ళు ఆ కబురు చేతులు మార్చుకుని
కొట్టు ఇంకాస్త బార్లా తీస్తారు.

"మేస్త్రి కేకన్నమాట.
అదే మనుషులం, అవే నడుములు,
లారీ పక్కన వాడు కేకేస్తే లేవని బస్తా లేచేది."
మందు పేరు రెండుసార్లు పలకబోయి, నోరు తిరక్క
దోబూ మేస్త్రి అని పెట్టుకున్నాడు.

కాసేపాగి:
"కేకేసిన రోజు కూలి కూడా ఎక్కువివ్వాలమ్మా.
ఇక్కడెవరిస్తున్నారు?"

నేను పరీక్షకి బట్టీపట్టిన పాఠం మొత్తం అదే.
ఎవరూ ఇవ్వడం లేదు.
సన్నబడ్డ నాళాల్లోంచి వచ్చే కాస్త ప్రాణవాయువునే
రెట్టింపు పనికి సర్దుకుంటోంది మీ గుండె.
అని అనలేదు. దిండు సరిచేశాను.

రెండుంబావుకి గీత చెదిరింది.
ఏడు దెబ్బలు, వరస తప్పి,
పేర్చిన టిక్కీలు దొర్లినట్టు దొర్లాయి.
హౌస్ సర్జన్ పిల్ల చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.
మేస్త్రి గొంతు తగ్గించాం, నాలుగు నుంచి మూడుకి.
ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు:
"ఎవడో జారాడు."

ఈ కేక ఆయుష్షు పొయ్యదు.
నీళ్ళు లాగేదాకా, మిగతా మందులు చేతికందేదాకా
బండి ఆగకుండా చూస్తుంది, అంతే.
రెండో రోజు మూత్రం సంచి నిండితే
మా వార్డులో పండగ చేసుకున్నాం, నేనూ ఆయమ్మా, టీ తాగి.

ఇంటికెళ్ళేటప్పుడు చిన్న తెల్ల మాత్ర ఇస్తాం.
అది కేకెయ్యదు. ఉప్పు వెళ్ళే గుమ్మానికి అడ్డం కూర్చుంటుంది,
ఉప్పు కదలకపోతే సున్నం కూడా కదల్లేక లోపలే ఉంటుంది.
వారానికి ఐదు రోజులే, శని ఆదివారాలు వద్దు.
"యార్డు సెలవులే దీనికీనా?"
చూపు పసుప్పచ్చగా మారితే మాత్రం వెంటనే రండి.
"మిరపకాయలు దుగ్గిరాల పసుపైపోతే వస్తాలే."

రెండు. ఒకటిన్నర. ఒకటి.
సోమవారం తెల్లవారుజామున పంపు ఆపేశాను.
పచ్చచుక్క ఆరింది.
బయట బస్సు హారన్, ఎవరిదో ఫ్లాస్కు మూత చప్పుడు.
నేను మణికట్టు పట్టుకుని గడియారం చూస్తున్నాను.
నిద్రలో ఆయన పెదవులు కదులుతున్నాయి,
ఎక్కే బస్తాల్ని లెక్కపెట్టుకుంటూ, ఒకటి అనకుండా:

లాభం...
రెండు...

నా వేలి కింద మూడోది
కొంచెం ఆలస్యంగా