తొమ్మిది సంచులు, ఒక కెటిల్

నేను తొక్కను. వెనక వస్తాను.
కొయ్‌హాయ్‌కె నుంచి కొక్రేన్ దాకా
కంకర రోడ్డు మీద, సైకిళ్ల వేగంతో,
తొమ్మిది మంది సంచులు నింపుకుని
తెల్ల వ్యానులో నేను.

సంచి ఎత్తగానే మనిషి తెలిసిపోతుంది.
డాక్టరమ్మ సంచిలో అన్నీ రెండేసి.
కొత్త జంటది ఒకటే సంచి, జిప్పు పడదు.
బ్యాంకాయనది మరీ తేలిక,
మర్చిపోయి వచ్చినవన్నీ దారిలో నన్నడుగుతాడు.
ఒర్తెన్సియా అవ్వది డెబ్బై ఒక్కేళ్ల సంచి:
మోకాలి పట్టీలు, మందుల డబ్బా, మాతే ఆకు,
అడుగున పాత గుడ్డలో చుట్టిన
సొట్ట కెటిల్.
"వేన్నీళ్లు హోటల్లో ఇస్తారు కదవ్వా" అన్నాను మొదటిరోజు.
"ఇస్తారు నాయనా, అడిగితే" అంది.

ఒంటిగంటకల్లా నేను ముందుకెళ్లి
మడత బల్ల వేసి, రొట్టె కోసి,
వాళ్లొచ్చేసరికి సూపు పొగలు కక్కేలా చూడాలి.
జీతం దానికే.

నాలుగోరోజు ఎదురుగాలి.
ఇక్కడి గాలికి మొహమాటం లేదు,
తలుపు తీస్తే తలుపు పట్టుకుపోతానంటుంది.
ఆ గాలిలో ఒక్కతే వస్తోంది మిల్లరాయ్,
తెముకోలో లెక్కల పంతులమ్మ.
ముందు రెండు సంచులు, వెనక రెండు, పైన గుడారం,
ఆ పైన ఆరేసుకున్న మేజోళ్లు.
ముప్పై ఒక్క కిలోలట.
బరువు తగ్గాలని టూత్‌బ్రష్ పిడి సగానికి కోసిందట,
దారిలో మాత్రం ఆగలేక రెండు కిలోల చెర్రీలు కొన్నదట.

"ఎక్కించనా?" అన్నాను.
"ఎక్కితే ఎక్కడ దిగాలో నువ్వు చెప్తావు."

మావాళ్లు చుట్టూ మూగారు.
ప్రయాణమంటే ఇదీ, మనది మగపెళ్లివారి విడిది
అన్నాడు బ్యాంకాయన.
దొరికేది పదిరోజుల సెలవు,
గుడారం ఆరబెట్టుకుంటూ కూర్చోమంటావా
అంది డాక్టరమ్మ.
సగం మాటలు గాలి పట్టుకుపోయింది.
మిల్లరాయ్ వాదించలేదు. రెండు గిన్నెల సూపు తాగింది.
మూడోది అడగడానికి సిగ్గుపడితే నేనే పోశాను.
రాత్రి గుడారంలోకి నీళ్లొచ్చాయని,
వంతెన కింద తెల్లవార్లూ ముడుచుకుని
ఇంటికెన్ని కిలోమీటర్లో లెక్క కట్టానని,
తెల్లారాక ఎందుకో మళ్లీ ఇటే తొక్కానని
చెప్పింది,
మాకు కాదు, సూపు గిన్నెకి.

"నాకు ఆ మోకాళ్లే ఉంటేనా" అని ఆగిపోయింది అవ్వ.
కాసేపయ్యాక,
"నాకీ వ్యాను లేకపోతే
ఆ కొండ క్యాలెండర్లో కొండే" అంది.

కావడి బరువు మోసేవాడికే తెలుసంటారు.
నేను తొమ్మిది కావళ్లు మోస్తాను, ఇంజనుతో.
నాకేం తెలిసినట్టు?

మర్నాడు అవ్వ సంచి ఎత్తితే తేలిగ్గా వచ్చింది.
కెటిల్ హ్యాండిల్‌బారుకి వేలాడుతోంది,
పురికొసతో, జారుముడితో.
విప్పి సరిగ్గా కట్టబోతే
చేతిమీద ఒక్కటేసింది.
ఆ పూటంతా నా ముందు, కంకర మీద
టంగు, టంగు.

మధ్యాహ్నం నా బల్ల దగ్గర ఆగలేదు.
రెండు మలుపుల అవతల, వాగు ఒడ్డున
గాలికి అడ్డంగా కూర్చుని నీళ్లు కాస్తోంది.
పొయ్యి నాదే. పొద్దున్నే అడిగి తీసుకుంది.
పది నిమిషాల నీళ్లు నలభై నిమిషాలు కాగాయి.
అందరం నిలబడి చూశాం. ఒక్కొక్కరికీ ఒక్కో గుక్క దక్కింది,
మసి వాసనతో.
ఆలస్యం ఎందుకైందో ఆఫీసుకి రాయాలి.
"ఎదురుగాలి" అని రాశాను.

షెడ్డులో నాకూ ఒక సైకిలుంది.
చలికాలం పనుండదు, మొన్న దించాను.
వెళ్తే ఎలా వెళ్తావు, అంది మా ఎర్లిండా,
అన్నీ కట్టుకునా, వెనక ఎవరైనా వస్తుంటేనా?
గాలి కొడుతూ ఆలోచించాను.
కొట్టిన గాలి కొట్టినట్టే పోయింది.
ట్యూబు నీళ్లలో ముంచి
బుడగ ఎక్కడొస్తుందా అని వంగి చూస్తున్నాం ఇద్దరం.
"బేసిను నేను పట్టుకుంటాలే," అంది,
"నువ్వు తిప్పు."