ముప్ఫై రోజులు తుడవొద్దు

త్బిలిసీ, గ్ల్దానీ పేట, తొమ్మిదో అంతస్తు.
లిఫ్టులో నాణెం వేస్తేగానీ కదలదు.
జేబులో పది తెత్రీల బిళ్ళ లేక
ఫిల్ము చుట్టని భుజానేసుకుని మెట్లెక్కాను.
నాజిబ్రోలా గారు ముందు మంచినీళ్ళిచ్చింది,
తర్వాత కిటికీ చూపించింది.

పడమటి కిటికీ.
మధ్యాహ్నం రెండయితే చాలు
ఎండ అడక్కుండా లోపలికొచ్చి
సోఫా మీద కాళ్ళు చాపుకుంటుందట.
పియానో శ్రుతి తప్పిందట.
అలమరలో కొవ్వొత్తి నడుం వంచేసిందట.
పరదా వేస్తే చీకటి, తీస్తే పొయ్యి.

నా పని చెప్పుకోడానికి సులువే.
బకెట్టు నీళ్ళలో నాలుగు చుక్కల పసిపిల్లల షాంపూ.
పాత రంగు మరకలు రాలేదాకా బ్లేడుతో గీకుడు.
ఫిల్ము వెనక పలచటి పొర ఒకటుంటుంది,
మూలన ఇటో టేపు ముక్క, అటో టేపు ముక్క అంటించి
కొట్టుకుంటున్న అన్నదమ్ముల్ని విడదీసినట్టు లాగాలి.
నా శత్రువు ఎండ కాదు, దుమ్ము.
ఒక్క నలక ఇరుక్కుంటే
పదేళ్ళు ఆ ఇంటి కంట్లోనే ఉంటుంది.

నడిమి నుంచి అంచులకి రబ్బరు పలకతో నీళ్ళు తోస్తుంటే
నా వెనక ఊపిరి బిగబట్టి నిలబడింది,
పసిదానికి చెవులు కుట్టిస్తున్నట్టు.

"బయటికి కనబడతానా, మాల్ఖాజ్?"
"పగలు కనబడరు. అవతలివాళ్ళకి ఒట్టి అద్దం."
"ఎదుటి బ్లాకుకి కూడానా?"
"ఎవరికైనా అంతే."
ఆమె ఏమీ అనలేదు.
ఆ అనకపోవడం
రెండో రెక్క పూర్తయ్యాక గానీ నాకు వినబడలేదు.

నాలుగింటికి ఎదుటి బాల్కనీలో
బనీను తొడుక్కున్న ముసలాయన
రెహాన్ కుండీకి నీళ్ళు పోసి, ఇటు చెయ్యెత్తాడు.
మిగిలిన మూడో రెక్కలోంచి ఈమె ఎత్తింది.
"పేరు తెలీదు," అంది. "పదకొండేళ్ళుగా."

ఎంత వేడి ఆగిందో అంకెల్లో చూపించే మీటరొకటి నా దగ్గరుంది.
చూసినవాళ్ళు నోరెళ్ళబెడతారు.
ఆ పూట సంచిలోంచి తీయబుద్ధి కాలేదు.
"ఈ రెక్క వదిలేయనా?"
సోఫా వంక చూసింది, పియానో వంక చూసింది.
"అంటించు, నాయనా. కొవ్వొత్తి ముసలిది, పాపం."

తిండి పెట్టకుండా పంపడం మా ఊరి ఇంటా వంటా లేదు.
ఖాచాపురీ, వద్దన్నా గ్లాసెడు వైను,
వాళ్ళాయన పోయిన వేసవి కథ.
కిందికి దిగేసరికి తొమ్మిదయింది.
వీధిలోంచి తలెత్తి చూద్దును గదా
దీపం వెలుగులో ఆమె నిలువెత్తునా కనబడుతోంది,
మెడలో కళ్ళద్దాల గొలుసుతో సహా.
గాజులో తన నీడకేసి చూసుకుంటూ
మెల్లగా చెయ్యెత్తింది.
అటు బాల్కనీలో ఆయన రెండు చేతులూ ఊపుతున్నాడు.
ఆమెకి అది తెలియదు.

రాత్రయితే అద్దం లోపలివైపుకి తిరుగుతుందని
చెప్పడం మర్చిపోయాను.
పద్దెనిమిదేళ్ళ పనితనం!

ఫోన్ చేశాను.
"ఏం నాయనా, బ్లేడు మర్చిపోయావా?"
"లైటు ఒక్కసారి ఆర్పండి."
"ఎందుకూ?"
"ఆర్పండి. గాజుని మాత్రం ముట్టుకోకండి,
ఇంకా తడి ఆరలేదు."

తొమ్మిదో అంతస్తు నల్లబడింది.
ఫోను చెవిలో చాలాసేపు ఏ మాటా లేదు,
ఫ్రిజ్ గుయ్యిమంటున్న చప్పుడు తప్ప.
అటు పక్క ఆయన చేతులు దించేశాడు,
ఆమె నిద్రకి వెళ్ళిందనుకున్నాడేమో.

"అయ్యో," అంది చివరికి,
"చొక్కా వేసుకున్నాడు ఇవాళ."