తోకకు కాల్చిన కళ్ళు

గుణుపురం పాసింజరు మూడు గంటలు లేటు.
దండాసి దిగేసరికి పర్లాకిమిడిలో కరెంటు కూడా లేదు.
చేతిలో చోళ్ళు తెచ్చుకునే గుడ్డసంచి,
మూతికి రెండు ముళ్ళు.
"మెల్లిగా" అన్నాడు,
నేనింకా నోరు తెరవకముందే.

మా ఇంట్లో ఇప్పటికి ముగ్గురున్నారు.
దున్నకొమ్ము దువ్వెనలు కోసే చావిట్లో
రంపప్పొట్టు మీద పడుకునే జెర్రిగొడ్డు, పేరు గుమస్తా.
ఎలకల లెక్కంతా అతనిదే.
గోలెం పక్కన నీరుకట్టు.
దానికి ఏ పేరూ అతకలేదు,
పెట్టిన ప్రతివాళ్ళనీ కరిచింది.
కిటికీకి పసిరిక,
చువ్వని తీగనుకుని
నాలుగేళ్ళుగా చిగురు కోసం చూస్తోంది.

పెళ్ళయిన కొత్తలో
ఈ గుమ్మంలోనే నేనూ నిలబడ్డాను.
అత్త రమ్మనలేదు, పొమ్మనలేదు.
"కాలు సూసి పెట్టమ్మా" అంది.
కుడికాలు సంగతి కాబోలనుకున్నాను.
గడప కింద
గుమస్తా తాత చుట్టచుట్టుకుని ఉన్నాడు.

సంచి విప్పాడు.
రోకలి విరిగిన ముక్కలాంటిది,
తడిమట్టి రంగు,
అటూ మొద్దే, ఇటూ మొద్దే.
రెండు తలల పాము.
గుణుపురం లాడ్జిలో తక్కెట్లో ఉండగా దొరికిందట.
రెండు కిలోలు తూగితే కోటి అన్నాడట ఎవడో.
తూగడానికి సైకిలు బాల్సు మింగించారు.
నమ్మడానికి చువ్వ కాల్చి
తోకకు రెండు కళ్ళు పెట్టారు,
కింద ఒక నోరు కూడా గీశారు.

"మానేదాకా నీ దగ్గరుంచు, ఇది సాక్షి"
అన్నాడట ఫారెస్టు గార్డు గొమాంగో.
కాగితంలో మాత్రం "ఆస్తి, ఒకటి" అని ఉంది.
పశువుల డాక్టరు ఫొటో తీసి చెప్పాడు:
కడుపులో గుళ్ళు మూడు.

ఒరియా బడిలో అయిదు చదివే మా సుభాసిని
"నూఆ ఆసిలా!" అని ఒక్క కేక పెట్టి
నోరు తనే మూసుకుంది.
తరవాత చెవిలో అడిగింది:
"ఎటువైపు పిలవాలమ్మా?"

నాకేం తెలుసు.
ఏట్లో సగం దాకా వాళ్ళది,
అక్కణ్ణించి మనది అంటాడు పాతపట్నంలో మా అన్న.
ఈ ఒడ్డున ఉండి
మనది అనే మాట ఎటు తిరిగి అనాలో
పదమూడేళ్ళుగా నాకు తెలీదు.

కొత్తది వస్తే మూడు రాత్రులు
రోలు దంచకూడదు, పోపు ఘాటు రాకూడదు,
రంపం ఆగాలి.
పాముకి చెవుల్లేవు,
పొట్టంతా చెవే అనేది అత్త.
మహేంద్రతనయ ఇసుక జల్లించి
అంచు విరిగిన బానలో పోశాను.
పక్కింటి పాణిగ్రాహి వారమ్మాయి
పసుపుబొట్టు పెట్టిన గ్లాసుతో పాలు తెచ్చింది.
ఆ పాలతోనే టీ కాచి
ఆవిడకే ఇచ్చాను.
తాగుతున్నంతసేపూ బాన వంకే చూసింది.

చావిట్లో పని లేదు.
దండాసి ఊరికే
చేసిన దువ్వెనలే మళ్ళీ తుడిచాడు.
నేను పొద్దున్నే ఇసుక జల్లెడ పడుతున్నాను,
పెళ్ళిలో జారిన ముక్కుపుడక వెతికినట్టు.
మూడోనాడు ఒకటి.
నాలుగోనాడు ఏం లేదు, దండాసి అన్నం తినలేదు.
అయిదోనాడు ఇంకొకటి, తుప్పు రంగులో.
రెండూ కడిగి దువ్వెనల డబ్బాలో వేశాను.
సుభాసిని డబ్బా ఊపి
"ఇదేనా కోటి?" అంది.

మూడోది రావాలి.

నిన్న రాత్రి బానలో చప్పుడైంది.
చెంగు కప్పి టార్చి వేశాను.
గుళ్ళు ఏం లేవు.
తలని ఒంటి చుట్టలో దాచుకుని
తోక పైకెత్తి ఉంది.
దెబ్బ పడితే అక్కడే పడాలని
పుట్టుకతో నేర్చిన ఎత్తట అది.
ఎవరికి తెలుసు,
కొట్టేవాళ్ళు అక్కడ కళ్ళు కూడా పెడతారని.

మాడిన ఆ రెండు చుక్కలూ
నా మీదే ఉన్నాయి.
చూసేవి కావని తెలుసు.
అయినా చెంగు సర్దుకుని,
గుమ్మంలో కొత్తగా నిలబడ్డదానిలా
కాసేపు తల వంచుకున్నాను.