దీపాల గదిలో శనివారం

ఫాదర్ బొగూమిల్ కుర్రవాడు.
సెమినరీ నుంచి వచ్చి రెండేళ్లు కాలేదు, చేతులింకా మెత్తన.
పవిత్ర శనివారం బుట్టల మీద పవిత్ర జలం చల్లడం అయ్యాక
(నా బుట్టలో ఆరు గుడ్లు, ఉప్పు, సాసేజ్ ముక్క,
కళ్లలో నీళ్లు తెప్పించే ఘాటు వేరొకటి)
గుడి మెట్ల మీద నన్ను ఆపి అడిగాడు:
"ట్రూడమ్మా, రాత్రి దాకా బలిపూజ లేదు, గంట మోగదు.
దేవుడు చచ్చిపోయి ఉన్న రోజు.
ఇవాళ మీరు ఏం తలుచుకుంటారు?"

ఏం తలుచుకుంటాను.
ముప్పై ఒక్క ఏళ్లు
ఈ సైలీషియా బొగ్గు గనిలో దీపాల గది నాది.
ఒక కిటికీ, అరిగిన బల్ల, గోడ నిండా మేకులు.
దిగేవాడు ఇత్తడి బిళ్ల ఇస్తాడు, నేను దీపం ఇస్తాను.
ఎక్కినవాడు దీపం ఇస్తాడు, నేను బిళ్ల ఇస్తాను.
నాకొచ్చిన దైవశాస్త్రం అంతే.
షిఫ్టు అయ్యాక కూడా మేకుకి బిళ్ల వేలాడుతుంటే
ఒక మనిషి ఇంకా భూమి కింద ఉన్నట్టు.

ఆయన చెప్పాడు,
విశ్వాస ప్రమాణంలో 'దిగెను' అన్న ఒక్క మాట దగ్గర
పండితులకి పడదట.
జెండా పట్టుకుని పాతాళం తలుపులు విరగ్గొట్టాడని కొందరు,
కాదు, అందరిలాగే శవమై పడి ఉన్నాడు,
అదే అసలైన దిగడమని కొందరు.
తన పుస్తకంలో ఇద్దరి కిందా పెన్సిల్ గీతలున్నాయట.

నేను నాలుగు వందల పదిహేడు గురించి చెప్పాను.

అలోయ్జీ బిళ్ల అది. ఓ పక్క వంగి ఉండేది,
దాంతోనే బీరు సీసాలు తీసేవాడు.
నవంబరులో, ఏడు వందల మీటర్ల లోతున కప్పు కూలింది.
పదకొండు మంది పైకొచ్చారు.
ఎల్‌ఫ్రీదా కిటికీ ముందు నిలబడింది. ఏడవలేదు.
"దీపం ఎన్ని గంటలు వెలుగుతుంది?" అంది.
పద్నాలుగన్నాను.
పది.

రక్షక దళం ఐదుగురు చొప్పున వచ్చి దీపాలు తీసుకున్నారు.
గింటెర్ అనే పిల్లాడికి చెయ్యి వణికింది,
"ఇంకా ఉంటాడంటారా?"
వెనకనున్న పెద్దాయన గ్లవ్స్ తొడుక్కుంటూ అన్నాడు:
"బతికున్నవాడి కోసమే దిగుతాం. ఎప్పుడైనా."
అది వాళ్ల కట్టుబాటు.
పైకి తెచ్చేదాకా
కింద ఎవరినీ చచ్చాడనరు.
బొగ్గులో బోర్లా పాకుతూ, చేతుల్తో తవ్వుతూ
నాలుగు రోజులు
బతికున్నవాడి కోసమే.

ఫాదర్ ముందుకి వంగాడు.
లేదు నాయనా. ఐదో రోజు తెచ్చారు, దుప్పటి కప్పి.

వంగిన బిళ్ల మేకు నుంచి తీశాను.
ఎవరికివ్వాలి? ఎల్‌ఫ్రీదా గుప్పిట్లో పెట్టి
"ఎక్కాడు" అన్నాను.
రిజిస్టర్లో కూడా అదే రాశాను.
అధికారి కొట్టేసి వేరే మాట రాశాడు.

జెండానో శవమో నాకు తెలీదు ఫాదర్.
దిగెను అని మీరు చదివినప్పుడల్లా
గ్లవ్స్ తొడుక్కుంటున్న ఆ ముసలాయనే కనిపిస్తాడు.
ఆదాము పోయి ఎన్ని వేల ఏళ్లైతేనేం,
బతికున్నవాడి కోసమే అనుకుని దిగి ఉంటాడు.
నాకొక్కటే అర్థం కాదు:
ఆ శనివారం ఆయన బిళ్ల ఏ మేకుకుంది?
ఎవరు కూర్చున్నారు కిటికీలో, ఇంటికి పోకుండా?

ఆయన జేబులోంచి పెన్సిల్ తీశాడు.
రాయడానికేం దొరకలేదు, మళ్లీ పెట్టేసుకున్నాడు.
ఓ గుడ్డు చేతిలో పెట్టాను. రేపటిదాకా తినకూడదులే,
పట్టుకో, అన్నాను.

గని మూసేశారు. నా గది ఇప్పుడు మ్యూజియం.
బడిపిల్లలకి సరదాగా ప్లాస్టిక్ బిళ్లలిస్తారు,
సగంమంది తిరిగివ్వకుండా ఇంటికి పట్టుకుపోతారు.
కుర్రాళ్లు నవ్వుతారు కానీ,
గేటు దగ్గర నిలబడి నేనింకా
తలలు లెక్కపెడతాను.