ఆరింటి దాకా

రోహిణి కార్తె.
రాత్రి పన్నెండైనా మొగల్రాజపురం కొండ
పొయ్యి మీంచి దించిన పెనంలా కాగుతూనే ఉంటుంది.
దాని పక్కన మా రేకుల గది.
ఫ్యాను తిప్పేది గాలిని కాదు,
మిగిలిపోయిన పగటి ఎండని.
ఏడో నెల పిల్ల కెజియా
వీపు నిండా చెమటకాయలతో
నా భుజం మీద ఏడ్చి, ఆగి, మళ్ళీ ఏడ్చి.
నాలుగున్నరకి ప్రభుదాసు లేచి
మేకుకున్న ఆటో తాళం తీశాడు.
"పదండి, ఏటికి పోదాం.
ఆరింటి దాకా ఎటూ బేరాలుండవు."

చంటిపిల్లతో ఏటికి పోవడమంటే
సగం ఇల్లు మోసుకుపోవడం.
మరిగించి చల్లార్చిన నీళ్ళ సీసా,
ఉగ్గుగిన్నె, నాలుగు గుడ్డలు, రబ్బరు షీటు, గిలక,
మా అత్త సువార్తమ్మ,
ఆవిడ విసనకర్ర,
ఆవిడ భయాలు.
గిలక మర్చిపోయాం.
భయం ఒక్కటీ మర్చిపోలేదు.

యనమలకుదురు దగ్గర కట్ట దిగాక
ఆటో ఇసుకలో కూరుకుంది. అక్కణ్ణుంచి నడక.
వానాకాలం కట్టని ఒరుసుకుపోయిన కృష్ణేనా ఇది?
"పిల్లకి పోసిన నీళ్ళు పారినట్టుంది" అంది అత్త.

కెజియాని ఇసుక మీద నిలబెట్టాను.
రెండు కాళ్ళూ పైకి ముడిచేసింది.
మళ్ళీ దించాను.
ఈసారి వేళ్ళు విప్పింది.
కాళ్ళ కిందున్నది జారుతుందని తెలిసి
నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేని ముఖం.
ఆఖరికి గుప్పెడు తీసి
నోట్లో పెట్టుకుంది.
అత్త కేక.
వేలు పెట్టి తీస్తుంటే
వచ్చీరాని రెండు పళ్ళతో కొరికింది నన్ను.

అప్పుడే నెత్తి మీద ఇంకో కేక.

"తీతువే తల్లీ! పిల్లని తీసుకో.
మా నాయన పోయిన రాత్రి
ఇదే కూత, చూరు మీంచి."
"ఇది ఏ వాక్యంలో ఉందమ్మా?" ప్రభుదాసు నవ్వాడు.
పిట్ట నవ్వలేదు.
పొడుగాటి పసుపు కాళ్ళు వేలాడేసుకుని
మా చెవుల పక్కనుంచి దూసుకుపోయి
తిరిగి, మళ్ళీ తిరిగి,
మా చుట్టే అరుపు.

షీటుకి మూరెడు దూరంలో చూశాను.
గూడు లేదు, పుల్ల లేదు.
గులకరాళ్ళలో గులకరాళ్ళలాగే
నాలుగు గుడ్లు.
ఇంకొక్క అడుగు వేసుంటే,
ఆ అడుగు నాదే.

"శపించట్లేదత్తా, బతిమాలుతోంది."

అత్త ఏమీ అనలేదు.
షీటు కొస ముందు తనే పట్టుకుంది.

దోసపాదుల అవతలికి పోయి కూర్చున్నాం.
ఆరు దాటింది. ఏడు కావొచ్చింది.
ప్రభుదాసు ఫోను రెండుసార్లు మోగింది, తియ్యలేదు.
ఎండ ఇసుకని పట్టుకుంది.
పిట్ట గుడ్ల మీంచి లేచి నీళ్ళకి పోయింది.
తాగడానికేమో అనుకున్నాం.
తాగలేదు.
మడుగులో కూలబడి
పొట్ట ఈకలు బాగా తడుపుకుని
పరుగు పరుగున వచ్చి
గుడ్ల మీద కూర్చుంది.
కాసేపటికి మళ్ళీ పోయింది.
మళ్ళీ వచ్చింది.

నా చేతిలో తువ్వాలు,
పిల్ల తల మీద కప్పుదామని
ఇప్పుడే తడిపి పిండింది.

చాలాసేపటికి అత్త అంది:
"వీడు పుట్టిన ఏడూ ఇదే ఎండ.
కిటికీకి గోనెపట్టా కట్టి
రాత్రంతా నీళ్ళు చల్లేదాన్ని.
మీ మావ?
గుర్రు పెట్టి నిద్రపోయేవాడు."
ప్రభుదాసు దోసపాదుల వైపు చూశాడు.

ఇంటికొచ్చి నీళ్ళు పోస్తుంటే
కెజియా తొడల మడతల్లో ఇసుక,
కాలివేళ్ళ సందుల్లో ఇసుక,
మర్నాడు గుడ్డల్లో
తినేసిన ఇసుక.

ఆ రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో కొండ వైపు నుంచి
ఒకటే కూత, దూరమవుతూ.
నేను ఊపిరి బిగబట్టి
అత్త ప్రార్థన అందుకుంటుందని చూశాను.
చాప మీద విసనకర్ర చప్పుడు
ఒక్క క్షణం ఆగింది.

"నీళ్ళకి పోతున్నట్టుంది"
అని, పిల్ల వైపు తిరిగి
మళ్ళీ విసరడం మొదలుపెట్టింది.