సోఫా దూకిన దూరం

మా పుట్టిల్లు మూరా నది పక్క, చదును నేల.
ఎత్తు అంటే మాకు గడ్డివాము,
అంతకు మించితే కరెంటు స్తంభం మీద కొంగ గూడు.
స్లొవేనియా ఈ కొసకు, కొండ మనుషుల ఇంటికి
కోడలినై వచ్చాక తెలిసింది,
మార్చి నెల ఆదివారం మధ్యాహ్నాలు
ఇక్కడ ఎవరూ నిటారుగా కూర్చోరని.

టీవీలో ఒకడు కొండ కొసన కమ్మీ మీద కూర్చుంటాడు,
కాళ్లకు తనకన్నా పొడుగు స్కీలు.
ఇక్కడ సోఫా మీద ఐదుగురు కూర్చుంటారు,
కాళ్లకు ఉన్ని మేజోళ్లు.
ఎర్ర దీపం పచ్చనవుతుంది.
వాడు జారితే వీళ్లు మోకాళ్లు ముడుస్తారు.
వాడు ఎగిరితే వీళ్లు
గడ్డాలు చాచి, చేతులు తొడలకంటించి,
కాఫీ బల్ల మీదుగా గాల్లోకి వాలిపోతారు.
ఏడు సెకన్లు.
ఆ ఏడు సెకన్లూ ఇంట్లో ఊపిరి తీసేది
పిల్లి ఒక్కటే.

చినమామ త్సేనె నూటపది కిలోలు.
మేడ మెట్లు దిగాలన్నా గోడ పట్టుకుంటాడు.
"మోకాలు! తొందరపడి విప్పేశాడు వెధవ!"
అంటాడు, వాల్‌నట్ రొట్టె నములుతూ.
వంటింటి కిటికీ తెరిచి
తడి వేలు బయటపెట్టి గాలి చూస్తాడు.
పోటీ జరిగే లోయ ఇక్కడికి తొంభై కిలోమీటర్లు.

టీవీలో జడ్జీలు ఐదుగురు,
ఆరో ఆయన మా మామగారు లోవ్రో.
కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో మార్కులు వేస్తారు.
నార్వే వాడెవడొచ్చినా అర మార్కు కోత,
పోయినేడు ఒకడు దిగాక అదోలా నవ్వాడట.

అత్తగారు మార్యెతా మాత్రం చూడరు.
మనవాడి వంతు రాగానే వంటింట్లోకి వెళ్లి
తలుపు దగ్గరగా వేసుకుంటారు.
పెళ్లయిన కొత్తలో ఒకసారి చూశారట,
ఎవడో పడ్డాడట.
అప్పట్నుంచి నలభై ఏళ్లుగా
పుల్ల క్యాబేజీ సూపు కలుపుతూ
దేశాన్ని కాపాడుతున్నారు.

నేను బళ్లో ఫిజిక్సు చెబుతాను.
మొదటి ఏడు నిటారుగానే కూర్చున్నాను.
మా ఆయన తదేయ్ చెవిలో గొణిగాడు:
"వంగు. నీవల్ల రెండు మీటర్లు పోయాయి."
వంగాను.
ఏం చేస్తాం, కాపురం చెయ్యాలి కదా.

మొన్న ఆఖరి దూకుడు. నలభై ఒకటో నంబరు, మనవాడు.
సోఫా ముందు కాలు విరిగి రెండేళ్లు,
దాని కింద పాత టెలిఫోన్ డైరెక్టరీ.
ఐదుగురం చాలమేమోనని
ఆరోదాన్ని నేనూ ఇరుక్కున్నాను.
వాడు లేచాడు.
మేం వాలాం.
డైరెక్టరీ జారింది.

ఊళ్లోవాళ్ల ఫోను నంబర్లన్నీ గదంతా పరుచుకున్నాయి.
రొట్టె ఒక మూల, పెన్సిలు ఒక మూల,
పిల్లి ఎక్కడో తెలీదు,
మూలిగే నక్క మీద తాటిపండులా
నా మీద చినమామ.
టీవీలో వేలమంది ఒక్కసారిగా అరిచారు.
పడ్డాడా? నిలబడ్డాడా?
నా కళ్ల ముందున్నది ఉన్ని స్వెట్టరు ఒక్కటే.

తలుపు తెరుచుకుంది. చేతిలో గరిటె,
రెండో చెయ్యి కళ్ల మీద.
"ఎంత దూకాడు?"
ఒక్కరికీ తెలీదు.
మామగారు పాకుతూ వెళ్లి సొరుగులోంచి టేపు తీశారు.
కార్పెట్ మీద పాత కాలి గుంట నించి కొలిచి
గంభీరంగా ప్రకటించారు:
"నలభై మూడు సెంటీమీటర్లు."
అత్తగారు వేళ్ల సందులోంచి మా వైపు చూశారు.
"దిగడం బాలేదు. పదకొండున్నర."
కుప్ప అడుగు నించి ఆడపడుచు కూతురు నేజా గొంతు:
"కిటికీ తెరిచుంది అమ్మమ్మా, గాలి పాయింట్లు కలపాలి!"

ఇంతలో టీవీ అదే దూకుడు
మళ్లీ, నెమ్మదిగా చూపిస్తోంది.
అత్తగారి చెయ్యి ఎప్పుడు దిగిందో,
సూపు చుక్కలు కార్పెట్ మీద పడుతున్నా
ఆవిడ చూస్తూనే ఉన్నారు.
తెలియకుండానే కొంచెం ముందుకు వంగి.
వాడు తేలాడు, తేలాడు,
ఒక కాలు ముందు, ఒక కాలు వెనక,
మంచు మీద దిగాడు. నిలబడ్డాడు.

"ఇది ముందే అయిపోయింది కాబట్టి
లెక్కలోకి రాదు" అని
అత్తగారు మళ్లీ వంటింట్లోకి వెళ్లి
తలుపు దగ్గరగా వేసుకున్నారు.