తూములోకి వెలుతురు

డాక్టరమ్మ కాగితం మీద గుండ్రంగా గీసింది.
ఇదీ నీ కన్ను, పెంచలయ్యా.
ఇక్కడ నీళ్లూరతాయి,
ఇదిగో, ఈ మూల జల్లెడలోంచి బయటికి పోవాలి.
జల్లెడ పూడింది.
నిలిచిన నీళ్లు వెనకున్న నరాన్ని నొక్కుతున్నాయి.

నాకు నవ్వొచ్చింది.
ముప్పైరెండేళ్లు పులియాంతోపు, వ్యాసర్పాడి, ఓట్టేరి,
పూడిన ప్రతి మూలా పేరుపేరునా తెలుసు.
ఏ వీధిలో పెళ్లయిందో
కాలవలో తేలే విస్తరాకులు చెప్పేవి.
నా ముక్కుకి రెండు పక్కలా
వెంట్రుకంత తూములున్నాయని మాత్రం
ఎవరూ చెప్పలేదు.

నొప్పి లేదు. మంట లేదు. ఎరుపైనా లేదు.
ఎడంపక్క ఊరు మెల్లిగా చెరిగిపోయింది, అంతే.
చెయ్యి తగిలి టీ గ్లాసు పడితే
బల్లది తప్పనుకున్నాను.
ఆటోవాడు తిడితే వాడిది తప్పనుకున్నాను.
పూలబజారులో
పక్కనే నడుస్తున్న రాజ్యం తప్పిపోయిందని
పేరు పెట్టి అరిచాను.
"ఇక్కడే ఉన్నా గదయ్యా"
నా మోచేతి దగ్గరే ఉంది.

ఒత్తిడి ముప్పై ఒకటి.
చుక్కల మందు నెలకో సీసా.
ఇరవయ్యో తారీఖు దాటితే
సీసాలో చుక్కలూ అంతే, జేబులో రూపాయలూ అంతే.
రెండు కళ్లకి వేయాల్సింది ఒక కంటికి వేసి
రెండోదానికి రేపు అన్నాను.
ఎన్నిసార్లన్నానో.

అప్పుడామె లేజరుతో పూడిక వదిలిద్దామంది.
ఎవరు దిగుతారమ్మా, అనబోయి ఆగాను.
నాకు తెలిసిన పద్ధతి ఒకటే.
మూత ఎత్తాలి, గంటసేపు గాలాడనివ్వాలి,
నడుముకి తాడు కట్టి మనిషిని దింపాలి.
గంటసేపు ఆగే మేస్త్రీ ఎక్కడా దొరకడు.
మా చెంచయ్య దిగిన రోజు
తాడు లాగితే తేలిగ్గా వచ్చింది.
తాడొక్కటే వచ్చింది.

ఎగ్మోరు కంటాసుపత్రి, మేడమీద చీకటి గది.
గడ్డం ఒక గిన్నెలాంటి దాంట్లో, నుదురు పట్టీకి ఆనించి.
చుక్క వేస్తే కన్ను మొద్దుబారింది.
జిగురు పూసిన అద్దం కంటికి అదిమి
"కదలకు తాతా" అంది.
టిక్. పచ్చగా ఒక మెరుపు.
టిక్. టిక్.
రాజ్యం చిక్కుడుకాయలు తుంచే చప్పుడు.
డెబ్బై దాకా లెక్కపెట్టాను, తర్వాత తప్పింది.
ఆ పచ్చటి మెరుపు లోపలికి పోతూనే ఉంది,
ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా,
సారా తాగి రాకుండా,
ఇంట్లో ఎవరికీ చెప్పి రాకుండా.
నా తూములోకి మనిషి దిగలేదు.
వెలుతురు దిగింది.

అద్దం తీసేసరికి చెంప తడి.
జిగురులే తాతా, తుడుచుకో, అంది.
జిగురే.

పోయిన చూపు రాదని ముందే చెప్పింది.
ఉన్నది నిలబడితే చాలంది.
కొన్నేళ్లకి మళ్లీ పూడొచ్చంది.
ఆ మాటతో నాకు నమ్మకం కుదిరింది.
అయిప్పసి వానలకి ముందు
అదే కాలవని ఏటేటా తీసినవాణ్ణి.

ఆరు వారాలకి పద్దెనిమిది.
చీటీ మడిచి బస్‌పాసు వెనక పెట్టాను.
బయట సన్నగా వాన.
బస్సులో రాజ్యం అలవాటుగా ఎడంపక్క కూర్చోబోతే
కుడిపక్కకి రమ్మన్నాను, కిటికీ దగ్గరికి.
సంగతేంటన్నట్టు చూసింది. చెప్పలేదు.

ఓట్టేరి మలుపులో
ఆవిడ భుజం మీదుగా కనబడ్డారు.
పసుపు చొక్కాల కుర్రాళ్లిద్దరు
ఇప్పుడే ఎత్తిన మూత పక్కన వంగి
లోపలికి చూస్తున్నారు.
ఒకడు నడుముకి తాడు చుట్టుకుంటున్నాడు.

బస్సు ఆగకముందే లేచాను.